జైల్లో ఖైదీలను హింసించడం కూడా శిక్షలో భాగమేనా?

కాదు. కోర్టు వేసే జైలు శిక్ష తీసేసేది స్వేచ్ఛను మాత్రమే. దెబ్బలు, ఆకలి, వైద్యం అందకపోవడం ఆ తీర్పులో ఉండవు. ఖైదీలతో ఎలా వ్యవహరించాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల ప్రకారం, రోజుకు 22 గంటలు, ఆపైన మనిషి పలకరింపే లేకుండా ఒంటరిగా బంధించడం వరుసగా 15 రోజులు దాటకూడదు. దాటితే నిద్ర చెడి, లేని మాటలు వినిపించి, తమను తామే గాయపరచుకునేవాళ్లుంటారు.

అసలు చిక్కు ఫిర్యాదు దగ్గరుంది. కొట్టినవాడి చేతికే ఫిర్యాదు కాగితం ఇవ్వాల్సి వస్తే ఎవరు నోరు విప్పుతారు? అందుకే నా దృష్టిలో మొదట కావాల్సింది చెప్పాపెట్టకుండా లోపలికి వెళ్లి, సిబ్బంది లేకుండా ఖైదీతో మాట్లాడగలిగే బయటి తనిఖీ బృందం. ఐక్యరాజ్యసమితి హింసా వ్యతిరేక ఒప్పందానికి 2002లో వచ్చిన ఐచ్ఛిక ప్రోటోకాల్ (దేశాలు ఇష్టమైతే చేరే అనుబంధ ఒప్పందం) ఉద్దేశం కూడా ఇలాంటి స్వతంత్ర తనిఖీలే.