ఇంటి స్టూడియోకి వేరే ప్రీఆంప్ కావాలా? ముందు గది, మైకు సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: పది బై పన్నెండు గదిలో మీ పాట, మీ అమ్మాయి వీణ రికార్డు చేసుకోవాలి. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె, ప్రీఆంప్ దాని లోపలే ఉంటుంది) ఒకటి ఇప్పటికే ఉంది, ఒక కండెన్సర్ మైకు (కరెంటు అందిస్తేనే పనిచేసే, సున్నితమైన రకం) ఉంది. రికార్డింగులో హిస్ (బుస్సుమనే సన్నటి రొద) వినిపిస్తోంది. విడిగా ప్రీఆంప్ (మైకు ఇచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచే పరికరం) కొనాలా, లేక అందరూ చెప్పే షూర్ ఎస్‌ఎం7బి అనే డైనమిక్ మైకు (కరెంటు అక్కర్లేని రకం) కొనాలా?

రెండూ ఇప్పుడే కొనకండి. విజయవాడలో మా మేడ మీది గదిలో కొన్నేళ్లుగా సంగీతం నేర్చుకునే పిల్లల పాటలు, వీణ, వయొలిన్ రికార్డు చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ప్రీఆంప్ గురించే. వాళ్ల రికార్డింగు వింటే తేడా ఉన్నది మాత్రం దాదాపు ఎప్పుడూ ఇంకోచోట.

కొంచెం లెక్క చూద్దాం. ప్రతి ప్రీఆంప్‌కీ సొంతంగా కాస్త రొద ఉంటుంది, దాన్ని ఈఐఎన్ అనే అంకెతో చెబుతారు. ఇప్పుడొస్తున్న మామూలు ఇంటర్‌ఫేసుల్లో అది మైనస్ 127, 128 డీబీయూ (సిగ్నల్ వోల్టేజీని కొలిచే డెసిబెల్ కొలత) దగ్గర ఉంటోంది, ఎంత కిందికి ఉంటే రొద అంత తక్కువ. 150 ఓమ్‌ల మైకు తగిలిస్తే ఎంత గొప్ప ప్రీఆంప్ అయినా సుమారు మైనస్ 131 కంటే కిందికి దిగలేదు, ఆ రొద రెసిస్టెన్సులోనే పుడుతుంది కాబట్టి. అంటే లక్ష రూపాయలు పెట్టినా ఈ విషయంలో మీకు దక్కేది మూడు డీబీలు.

ఆ మూడు డీబీలు కూడా మీ పాటలో వినబడవు. ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్ మైకు 94 డీబీ శబ్దానికి సుమారు 14 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఆ లెక్కన మైనస్ 128 ఈఐఎన్ ఉన్న ప్రీఆంప్ రొద, గదిలో వినిపించే 1 డీబీ శబ్దంతో సమానం. మైకు సొంత హిస్ 20 డీబీ. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, అర్ధరాత్రి కూర్చున్నా మన ఇళ్లలో గది రొద 30 డీబీకి తగ్గడం కష్టం. 30, 20, 1. ఇందులో ఆ 1ని సున్నా చేయడానికి డబ్బు పెట్టడం ఎందుకు?

మీ హిస్ గదిదా, పరికరానిదా అన్నది ఈ రాత్రే తేల్చుకోవచ్చు. గెయిన్ (మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) కదపకుండా ఖాళీ గదిని ఒక నిమిషం రికార్డు చేయండి. తర్వాత అదే మైకును మూడు నాలుగు దుప్పట్లలో చుట్టి బట్టల బీరువాలో పెట్టి, కేబుల్ పట్టేంత సందు మాత్రం ఉంచి తలుపు వేసి, ఇంకో నిమిషం రికార్డు చేయండి. రెండూ హెడ్‌ఫోన్స్‌లో పక్కపక్కన వినండి. బీరువాలో రొద బాగా తగ్గితే అది గది తాలూకుదే. రెండింటిలోనూ ఒకే సన్నటి హిస్ ఉంటే అది మైకుదో ఇంటర్‌ఫేస్‌దో. కండెన్సర్ అయితే మైకుదే అయ్యే అవకాశం ఎక్కువ.

గది రొదకు అన్నిటికంటే గట్టి మందు దూరం. మైకుకు, నోటికి మధ్య దూరం సగం చేసిన ప్రతిసారీ గొంతు దాదాపు 6 డీబీ పెరుగుతుంది, గది రొద ఉన్నచోటే ఉంటుంది. రెండడుగుల నుంచి అర అడుగుకి వస్తే 12 డీబీలు ఊరికే వచ్చాయి. ఖరీదైన ప్రీఆంప్ ఇచ్చే మూడు డీబీల పక్కన పెట్టి చూడండి. మరీ దగ్గరికి వెళ్తే కింది స్వరాలు ఉబ్బుతాయి. అప్పుడు 80 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (కింది ఫ్రీక్వెన్సీలను తగ్గించే ఫిల్టర్) వేస్తే సరిపోతుంది. భ, ఫ, ప అక్షరాల దగ్గర గాలి దెబ్బ తగలకుండా పాప్ ఫిల్టర్ పెట్టి, మైకును నోటికి సూటిగా కాక కాస్త పక్కకు ఉంచండి.

'డైనమిక్ మైకు గది శబ్దం పట్టదు, కండెన్సర్ పడుతుంది' అన్న మాట చాలా చోట్ల వింటారు. ఒకే దూరంలో, ఒకే కార్డియాయిడ్ ప్యాటర్న్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే తీరు) ఉన్న రెండు మైకులు పెట్టి, గొంతు లెవెల్ సమానం చేసి వినండి. గది దాదాపు అంతే వినిపిస్తుంది. డైనమిక్ మైకులో గది తక్కువ అనిపించేది జనం దాన్ని నోటికి ఆనించుకుని వాడతారు కాబట్టి. ఎస్‌ఎం7బి మంచి మైకే, కాదనను. కానీ అది ఇచ్చేది 94 డీబీకి 1.12 మిల్లీవోల్టులే. షూర్ వాళ్లే కనీసం 60 డీబీ గెయిన్ కావాలని చెబుతారు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 అనే ఇంటర్‌ఫేస్ మూడో తరంలో ఉన్న గెయిన్ 56, నాలుగో తరంలో 69. మెల్లగా పాడేవాళ్లకు 56 చాలదు, మళ్లీ క్లౌడ్‌లిఫ్టర్ లాంటి బూస్టర్ కోసం డబ్బు పెట్టాలి. 69 ఉంటే బూస్టర్ అక్కర్లేదు. గొంతుకు డైనమిక్ మైకే కావాలనుకుంటే 1966 నుంచి వస్తున్న ఎస్‌ఎం58 చాలు, అది కాస్త ఎక్కువ అవుట్‌పుట్ ఇస్తుంది, ధర కూడా చాలా తక్కువ. నకిలీలు విపరీతంగా ఉన్నాయి కాబట్టి అధీకృత డీలర్ బిల్లు లేకుండా కొనకండి.

వీణ మాత్రం ఇంకో సంగతి. మెల్లని వాయిద్యం, మైకు నోటికి పెట్టినంత దగ్గరగా పెట్టలేం. మైకును మెట్ల వైపు చూపిస్తే ఎడమచేతి వేళ్లు తీగను లాగుతున్నప్పుడు వచ్చే గీరుడు పైకి వచ్చేస్తుంది. మరీ మీటు దగ్గర పెడితే గోటి చప్పుడు, చిటికెనవేలితో వేసే తాళం తీగలు గమకాన్ని మింగేస్తాయి. నాకు నచ్చేది ఇలా: కుండకు ఒకటిన్నర అడుగు ఎదురుగా, వీణ కంటే కాస్త ఎత్తులో, బ్రిడ్జికీ చివరి మెట్టుకూ మధ్య చోటును చూస్తూ మైకు పెట్టడం. అక్కడి నుంచి నాలుగు వేళ్ల దూరం వాయించేవారి కుడికి, ఎడమకు జరుపుతూ ఒకే సంగతిని మళ్లీ మళ్లీ వాయించమనండి. కుడి వైపు జరిగితే మోత పెరుగుతుంది, ఎడమకు జరిగితే స్వరం విడివిడిగా తేలుతుంది. ఒక తీగ మీటి, నాదం పూర్తిగా ఆగేదాకా వినండి. ఆ తోక హిస్‌లో కలిసిపోకుండా చివరిదాకా వినిపించాలి. వీణ రికార్డింగు నాణ్యత అంతా అక్కడే తెలిసిపోతుంది.

అందుకే డబ్బు పెట్టాలనుకుంటే తక్కువ సొంత హిస్ ఉన్న మైకు మీద పెట్టండి. రోడ్ ఎన్‌టీ1-ఏలో అది 5 డీబీ. గది రొద 30 ఉన్నప్పుడు 20కి, 5కి తేడా ఎలా తెలుస్తుందని అడగొచ్చు. గది రొద ఎక్కువగా కింది ఫ్రీక్వెన్సీల్లో గుమ్మని ఉంటుంది, మైకు హిస్ పైన సన్నగా ఉంటుంది, చెవి రెండింటినీ విడిగా పట్టేస్తుంది. వీణ నాదం తోకలో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

గదిలో సన్నటి ఫోమ్ ముక్కలు అంటించి సంబరపడకండి, అవి పై ఫ్రీక్వెన్సీలు తప్ప ఏమీ పీల్చవు. కార్డియాయిడ్ మైకు తన ముందున్నదాన్ని వింటుంది, అంటే పాడేవారి వెనక గోడను. పరుపు, బొంతలు, రజాయిలు అక్కడ నిలబెట్టండి. స్టీలు బీరువా ఉంటే దాని మీద ఒక మందపాటి దుప్పటి వేయండి, కొన్ని స్వరాలకు అది తనూ పాడుతుంది. ఎండాకాలం ఏసీతో గది చల్లబరచి, ఆపి, ఒక్కో టేక్ తీసుకోవడమే మార్గం. తెల్లవారుజాము ఇంకా మేలు, వీధి మోటార్లు అప్పటికి మొదలు కావు.

గుయ్‌మని హమ్ వస్తుంటే అది మరో సమస్య, మైకు మార్చినా పోదు. రికార్డు చేస్తూ ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. హమ్ ఆగిపోతే లోపం చార్జర్‌లోనో ఎర్తింగ్‌లోనో ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అప్పటిదాకా బ్యాటరీ మీద రికార్డు చేయండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే బర్రుమంటే, అది ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కాకపోయి ఉండొచ్చు.

గెయిన్ పెట్టడం సులువు. మీరు పాడే పాటలో తారస్థాయి సంగతి గట్టిగా పాడండి, మీటరు మైనస్ 10 దాటకుండా చూసుకోండి, 24 బిట్‌లో రికార్డు చేయండి. మిగతా పాట చిన్నగా కనిపిస్తే టెన్షన్ పడక్కర్లేదు, తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన తారషడ్జమాన్ని మాత్రం బాగు చేయలేం.

మంచి ప్రీఆంప్ ఎవరికీ అక్కర్లేదని నేననడం లేదు. 1970 నాటి నీవ్ 1073 లాంటివాటిలో ట్రాన్స్‌ఫార్మర్ల వల్ల వచ్చే నిండుదనాన్ని ఇష్టపడేవాళ్లు ఉన్నారు, నాకూ ఇష్టమే. అది రంగు కోసం కొనేది, రొద తగ్గడానికి కాదు. గది కుదిరి, మైకు కుదిరి, చోటు కుదిరాక ఆలోచించవచ్చు. రిబ్బన్ మైకు (సన్నటి లోహపు పట్టీతో పనిచేసే, తక్కువ సిగ్నల్ ఇచ్చే రకం) కొన్న రోజున కూడా ఎక్కువ గెయిన్ ఉన్న ప్రీఆంప్ అవసరం పడుతుంది. పాత రిబ్బన్లకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకుకు కేబుల్ గుండా పంపే కరెంటు) తగలనీయకండి, దెబ్బతినే ప్రమాదం ఉంది.

కోస్తాలో ఉంటే కండెన్సర్ మైకును వాడాక సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టండి. వానాకాలం తేమకు అది చిటపటమంటుంది.

మీ ఇంటర్‌ఫేస్ మోడల్ ఏదో, బీరువా పరీక్షలో ఏం వినిపించిందో రాయండి. గెయిన్ సరిపోతుందో లేదో లెక్కవేసి చెబుతాను.