తూటా అడ్డంగా తగలడానికి కారణం స్కోపు కాదు

అమెరికా సైన్యపు పాత ఎం16ఏ1 రైఫిల్ తరహాలో మీరు కూర్చుకున్న ఏఆర్-15 రైఫిల్‌తో కాలిస్తే, 62 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలిచే చిన్న ప్రమాణం) ఆకుపచ్చ మొన తూటాలు గురి కాగితానికి మొనతో కాక అడ్డంగా తగులుతున్నాయన్నారు. గురి చూసే దుర్బిణిని, అంటే స్కోపును తిట్టకండి, పాపం దాని తప్పేమీ లేదు. తూటా తిన్నగా ఎగరడానికి దాన్ని గిర్రున తిప్పేవి గొట్టం లోపలి గాడులు; మీ గొట్టంలో అవి 12 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. 55 గ్రెయిన్ల తూటాకు అది చాలు. ఇంకా పొడవైన ఈ తూటాకు చాలదు, గాలిలో తూలిపోతుంది. అమెరికా సైన్యం 1980లలో 62 గ్రెయిన్లకు మారినప్పుడు 7 అంగుళాల చుట్టుకు వెళ్లింది అందుకే.

గొట్టం మార్చనక్కరలేదు, 55 గ్రెయిన్లవి కొనండి. అయితే ముందు గొట్టం మీది ముద్ర చూడండి; చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాల తూటాల్లో (.223, 5.56) అది దేనికి తగినదో ఆ ముద్ర చెబుతుంది. .223 అని మాత్రమే ఉంటే 5.56 తూటాలు వాడకండి, పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు. 5.56 గొట్టంలో .223 వాడితే ఇబ్బంది లేదు.