మూడు రోజులు రసాలు, నాలుగో రోజు వెన్న ఇడ్లీ

మీ ప్రశ్న చూసి నవ్వొచ్చిందండీ, రెండేళ్ల కిందట నేనూ అచ్చం ఇలాగే ఇరుక్కున్నాను. ఆఫీసులో అందరూ మూడు రోజుల జ్యూస్ డిటాక్స్ చేస్తున్నారు, ఒంట్లో చెత్తంతా పోతుందంటున్నారు, నిజమేనా అని అడిగారు. అది అయిన మర్నాడే, అంటే ఆదివారం, గుంటూరులో ఫ్రెండ్స్‌తో హోటల్ భోజనం ఉంది, నేరుగా వెళ్లి తినేయొచ్చా అని కూడా అడిగారు. మొదటిదానికి నా జవాబు: పోదు. రెండోదానికి: ఆ వరసలో వద్దు, ఒక్కరోజు అటూ ఇటూ జరుపుకోండి. ఎందుకో చెప్పాలంటే నా భాగోతం మొత్తం చెప్పాలి.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. గవర్నర్‌పేటలో పని, పొద్దున కుర్చీలో కూర్చుంటే మళ్లీ లేచేది సాయంత్రమే. ఆ ఏడాది సంక్రాంతి అరిసెలు, కజ్జికాయలు పూర్తయ్యాక రక్తపరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలోని ఒక రకం కొవ్వు, చూసి డాక్టరుగారు కళ్లజోడు తీసి నావంక చూశారు. మా ఊళ్లో డైట్ సలహాలకేం కొదవ లేదు, ఒకరు ఉప్పూ నూనే లేకుండా తినమంటారు, ఇంకొకరు కొబ్బరినూనె తాగమంటారు, పేర్లు మీకూ తెలుసు. నేను ఆ రెండూ కాకుండా, పక్క సీటాయన మాట విని జ్యూస్ బాటిళ్లు ఇంటికి తెచ్చిచ్చేవాళ్ల దగ్గర మూడు రోజుల ప్యాకేజీ కట్టాను. 2,400 రూపాయలు. రోజుకి ఆరు బాటిళ్లు: పొద్దున్నే బూడిద గుమ్మడికాయ, తర్వాత పాలకూర కీరా పుదీనా కలిపిన పచ్చటిదొకటి, మధ్యాహ్నం క్యారెట్ బీట్‌రూట్, ఆ తర్వాత సొరకాయ, దానిమ్మ, రాత్రి పడుకునే ముందు బాదం పాలు. ఉప్పు లేదు, కాఫీ లేదు, నమలాల్సిందేదీ లేదు.

అప్పుడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది. ఫ్రిజ్‌లో వరసగా నిలబెట్టిన బాటిళ్లు చూసి, "కార్తీక సోమవారం ఒక్కపూట ఉపవాసం ఉండరా అంటే తలనొప్పి అంటావు, డబ్బులు కట్టి పస్తులుంటున్నావా?" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు.

మొదటి రోజు సాయంత్రం దాకా బాగానే గడిచింది. నాలుగింటికి తల వెనక మొదలైన నొప్పి రాత్రికి కణతల్లోకి వచ్చేసింది. ప్యాకేజీ వాళ్లకి ఫోన్ చేస్తే "విషాలు బయటికి పోతున్నాయి సార్, మంచిదే" అన్నారు. నేను మంచిదే అనుకుని దిండు కింద తల పెట్టుకుని పడుకున్నాను. తర్వాత డాక్టరుగారిని అడిగితే తేలిందేంటంటే, అది విషమూ కాదు పాడూ కాదు, రోజుకి నాలుగు కాఫీలు తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో తలనొప్పి మొదలై, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదిరి, తర్వాత దానంతటదే తగ్గుతుందట. అంటే నేను కాఫీ కోసం ఏడ్చాను, వాళ్లు దాన్ని శుద్ధి అన్నారు. మీరు ఎలాగైనా చేయాలనుకుంటే కనీసం వారం ముందు నుంచి కాఫీ కొద్దికొద్దిగా తగ్గించుకోండి, సగం బాధ తప్పుతుంది.

రెండో రోజు సాయంత్రం సంగతి మాత్రం మర్చిపోలేను. ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే మూల మీద పునుగుల బండి. రోజూ ఉండేదే, నేను రోజూ చూడకుండా దాటిపోయేదే. ఆరోజు కాళ్లు ఆగిపోయాయి. ఆయన పిండిలో చెయ్యి ముంచి, బొటనవేలితో తోస్తూ ఒక్కొక్కటే నూనెలోకి వదులుతున్నాడు, పడగానే మునిగి, బుడగలతో పైకి తేలి, ఒకవైపు ఎర్రబడగానే వాటంతటవే పొర్లుతున్నాయి. జీలకర్ర వాసన, పచ్చిమిర్చి వాసన. కాగితం పొట్లంలో పోసి మీద ఉల్లిపాయ ముక్కలు జల్లి ఒకాయనకిచ్చాడు, ఆయన ఊదుకుంటూ తింటున్నాడు, నేను ఆయన నోటివంకే చూస్తున్నాను. చివరికి ఆయనే "ఏం కావాలండీ?" అన్నాడు. సిగ్గేసి వచ్చేశాను. ఇంటికొచ్చి దానిమ్మ రసం తాగాను.

మూడు రోజులయ్యాక తూకం చూస్తే 2.1 కిలోలు తగ్గాను. అబ్బో అనుకున్నాను, స్క్రీన్ ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను కూడా. అయిదు రోజుల్లో 1.8 కిలోలు తిరిగొచ్చేశాయి. ఆ ఫొటో ఎవరూ పెట్టరు కదా, నేనూ పెట్టలేదు. లెక్క ఏంటంటే, మన కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో సుమారు 400, 500 గ్రాములు నిల్వ ఉంటుంది, ఒక్కో గ్రాము తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి బాగా తగ్గగానే ముందు ఖర్చయ్యేది అదే, దాంతోపాటు నీళ్లూ పోతాయి. అన్నం తినగానే రెండూ వెనక్కి వస్తాయి. కొవ్వు అంత తొందరగా కదలదు. ఇక చెత్త సంగతంటారా, మూత్రపిండాలు రోజుకి సుమారు 180 లీటర్లు వడపోస్తాయి, కాలేయం పని కాలేయం చేస్తూనే ఉంటుంది, వాటికి బీట్‌రూట్ రసం వచ్చి సాయం చేసేదేమీ లేదు. పైగా రసం తీసి పిప్పి పారేశామంటే పేగులకు పనికొచ్చే పీచే పోయినట్టు.

ఒకటి రెండు జాగ్రత్తలు, ఇవి సీరియస్‌గానే చెప్తున్నాను. షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ఇలాంటివి పెట్టుకోవద్దు, తిండి లేకుండా మందు పడితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పాలకూర రసం జోలికి పోవద్దు, అందులో రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్ ఎక్కువ. సొరకాయ రసం గుక్కెడు నోట్లో పోసుకుని చూడండి, చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేసి పారబోయండి, ఆరోగ్యానికి చేదే మంచిదని మింగొద్దు, చేదు సొరకాయలో ఉండేది నిజంగానే విషం.

ఇప్పుడు భోజనం సంగతి. నాలుగో రోజు బొప్పాయి ముక్కలు, కొబ్బరినీళ్లు తీసుకోమని ప్లాన్‌లో రాసుంది. నేను పొద్దున్నే బండి తీసి గాంధీనగర్ వెళ్లాను, బాబాయ్ హోటల్‌కి. 1942 నాటి హోటల్, బెజవాడలో పుట్టినవాడికి దాని గురించి చెప్పక్కర్లేదు, కానీ నేను నలభై ఏళ్లుగా తింటూ కూడా ఆరోజు తిన్నట్టు ఎప్పుడూ తినలేదు. రెండు ఇడ్లీలు, మీద వెన్నముద్ద. వెన్న అంచుల్లో కరిగి ఇడ్లీ పక్కలకి జారుతోంది, నడుమ మాత్రం ఇంకా తెల్లగా గట్టిగా ఉంది. పక్కన కారప్పొడి, అల్లం పచ్చడి. చిన్న ముక్క తుంచి ఏదీ అద్దుకోకుండా నోట్లో పెట్టుకుంటే ముందు ఉప్పు తెలిసింది. ఇడ్లీలో ఉప్పుంటుందని నాకు అంతవరకు తెలియదంటే నమ్మండి! తర్వాత రవ్వ నాలుక మీద విడిపోవడం, మినప్పిండి పులుపు, ఆ వెనక వెన్న చల్లదనం, ఒకదాని తర్వాత ఒకటి వరసగా తెలిశాయి. రెండో ముక్క కారప్పొడిలో అద్దితే కళ్లల్లో నీళ్లొచ్చాయి, కారానికేలెండి. మామూలుగా నాలుగు ఇడ్లీలు, పైన ఒక దోశ లాగించే మనిషిని, ఆరోజు రెండో ఇడ్లీ సగంలోనే కడుపు చాలంది. కాఫీ సగం గ్లాసుకే గుండె దడదడలాడింది. ఇరవై నిమిషాలు కూర్చున్నాను అక్కడ, ఫోన్ చూసుకోకుండా.

అదే ప్యాకేజీ నాతోపాటు చేసిన పక్క సీటాయన మూడో రోజు రాత్రే పార్టీ అని మటన్ బిర్యానీ తిన్నాడు. మర్నాడు ఆఫీసుకి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఇంతకన్నా రాస్తే ఆయన చదివి నన్ను కొడతాడు.

అందుకే మీ ఆదివారం గురించి ఆ మాటన్నాను. జ్వరం లంఖణాల తర్వాత మన ఇళ్లలో పథ్యం పెట్టేవాళ్లు గుర్తుందా, మెత్తటి అన్నం, మిరియాల చారు, బీరకాయ కూర, పల్చటి మజ్జిగ, అదే పద్ధతి. మీ రసాలు శుక్రవారానికి ముగించేయండి, శనివారమంతా పథ్యం తినండి, ఆదివారం గుంటూరు బస్సెక్కండి. అక్కడ విస్తట్లో ముందు ముద్దపప్పు, నెయ్యి. గోంగూర పచ్చడిలో పచ్చి ఉల్లిపాయ నంజుకోండి, ఉలవచారు వడ్డిస్తే మీగడ అడిగి మరీ వేయించుకోండి. ఊరమిరపకాయలు మాత్రం చివర్లో పెరుగన్నంలోకి ఉంచుకోండి, ఖాళీ కడుపున మొదట్లోనే కొరికితే ఆ తర్వాత వచ్చేవేవీ రుచి తెలియవు.

చెప్పడం మరిచాను, సొరకాయ బాటిల్ ఒకటి ఫ్రిజ్‌లో మిగిలిపోతే అమ్మ వారం తర్వాత తీసి కరివేపాకు కుండీలో పోసేసింది. 2,400 పెట్టి కొన్నది మట్టిలో పోస్తావేంటమ్మా అంటే, "నువ్వు తాగావుగా, ఏం ఒరిగింది" అంది.