భూగర్భ శాస్త్రవేత్త, పర్యావరణ నిపుణుడు ఒకరేనా?

సందేహం: మా రాజోలు వైపు రొయ్యల చెరువుల పక్క బోర్లలో నీరు ఉప్పెక్కిందన్న వార్తలో, ఒకే వ్యక్తిని ఒకచోట 'భూగర్భ శాస్త్రవేత్త' అనీ, మరోచోట 'పర్యావరణ నిపుణుడు' అనీ రాశారు. రెండూ ఒకటేనా? లైసెన్సును 'అనుమతి' అనవచ్చా?

సమాధానం: ఒకటి కాదు. మీ కోనసీమలో ఇసుక మెరక మీద బోరు వేస్తే తీపి నీరు పడుతుంది, పక్క పల్లంలో ఉప్పు తగులుతుంది. ఆ ఉప్పు ఎప్పటిదో పాత సముద్రానిదా, నిన్నటి చెరువుదా అని నేల పొరలు చూసి చెప్పేవాడు భూగర్భ శాస్త్రవేత్త. అందులోనూ నీటి సంగతే ప్రత్యేకంగా చదివితే భూగర్భ జల శాస్త్రవేత్త. (ఈ విద్య మనకు కొత్త కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో నేల కింది నీటి జాడల అధ్యాయానికి 'దకార్గళం' అని పేరు పెట్టాడు. దకం నీరు, అర్గళం గడియ. ఎంత చక్కని మాట!) చెరువు నుంచి కాలువలోకి వదిలిన నీరు చేపకూ చేనుకూ ఏం చేస్తుందో చూసేవాడు పర్యావరణ నిపుణుడు.

'వేత్త' అంటే తెలిసినవాడు, 'నిపుణుడు' అంటే నేర్పరి. రెండూ తెలివినే చెబుతాయి, ఆ హోదాలో నివేదికల మీద సంతకం పెట్టే అధికారాన్ని చెప్పవు. అది చట్టం ఇవ్వాలి. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం నమోదు కానివారు 'ఆర్కిటెక్ట్' అన్న పేరు పెట్టుకోకూడదు. జియాలజిస్టులకు, అంటే భూగర్భ శాస్త్రవేత్తలకు, మన దేశంలో అలాంటి చట్టం లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉంది. అక్కడ భూగర్భ జల నిపుణుడిగా ధ్రువీకరణ కావాలన్నా ముందు జియాలజిస్టు లైసెన్సు ఉండాలి. అక్కడి వార్తను తెనిగించేటప్పుడు 'లైసెన్సు ఉన్న జియాలజిస్టు' అనండి. ఇక్కడివారికి ఆ మాట తగిలిస్తే లేని అధికారాన్ని అంటగట్టినట్టే.

అనుమతి ఒక పనికి ఇచ్చేది. లైసెన్సు, ఆ పని చేస్తూ ఉండేందుకు మనిషికి ఇచ్చేది. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరు వేయడానికి అనుమతి కావాలి, వేసే రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. మూడు మాటలు, మూడు పనులు. లైసెన్సు ఎప్పుడో తెలుగైపోయింది, దాన్ని అలాగే రాయండి. 'అనుజ్ఞాపత్రం' ఎవరి నోటా వినపడదు.

ఆ వార్త రాసినవారు ఆయన చదువేమిటో ఒక్కమాట అడిగి, దానికి తగిన పేరునే చివరిదాకా ఉంచవలసింది.