పనోరమా అతుకు: కెమెరా ఎలా కదిలిందో ముందు తేల్చుకోండి

ప్రశ్న: శాలిహుండం కొండ మీద నిలబడి వంశధార వైపు వరుసగా ఫోటోలు తీశాను. ఫోటోలు కలిపే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామ్ ఇమేజ్ కాంపోజిట్ ఎడిటర్‌లో ‘ప్లేనార్ మోషన్ విత్ పర్‌స్పెక్టివ్’ పెట్టి కలిపితే మధ్యలో సన్నగా, రెండు చివర్లా బాగా సాగిపోయి వచ్చింది. లెన్సు లోపమా? (ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: లెన్సులో ఏ లోపమూ లేదు. మీరు ఒకేచోట నిలబడి కెమెరాను తిప్పారు కాబట్టి ‘రొటేటింగ్ మోషన్’ పెట్టాలి. మీరు పెట్టిన సెట్టింగ్ ఫోటోలన్నిటినీ ఒకే చదును మీద పరుస్తుంది. పక్కకు తిరిగిన కొద్దీ అక్కడ బొమ్మ సాగుతూ పోతుంది. రొటేటింగ్ పెట్టి, ప్రొజెక్షన్ (బొమ్మను పరిచే తీరు) సిలిండ్రికల్‌గా, అంటే గొట్టం ఆకారంగా ఎంచుకుంటే నది అంతా ఒకే పొందికలో వస్తుంది.

ఫోను నిలువుగా పట్టుకుని, మామూలు లెన్సుతో 30 డిగ్రీలకొకటి చొప్పున తీస్తే 180 డిగ్రీలకు 6 ఫోటోలు చాలు. ఫోను చేత్తో చాచి మీరు తిరగకండి, లెన్సు ఉన్నచోటే ఉండేలా మీరే దాని చుట్టూ జరగండి. చెయ్యి చాచి తిరిగితే దూరపు నదికి తేడా తెలియదు గానీ, రెండు మీటర్లలో ఉన్న ఇటుక కట్టడం మాత్రం రెండుగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఊరి పాత నక్షా పెద్దది. ఏ4 స్కానర్ మీద ముక్కలు ముక్కలుగా స్కాన్ చేసి, ‘ఆటో డిటెక్ట్’లో కలిపాను. అతుకులు బాగానే ఉన్నాయి కానీ ఒక పక్క సరిహద్దు గీత లోపలికి వంగింది. (ఒక పాఠకురాలు, చీపురుపల్లి)

జవాబు: అతుకు కనిపించకపోయినంత మాత్రాన కొలత సరిగ్గా ఉందని కాదు. నక్షాకు కావలసింది కొలతే. ఇక్కడ ఆటోను నమ్మకండి, మామూలు ‘ప్లేనార్ మోషన్’ పెట్టండి. అది ముక్కను జరపడం, తిప్పడం, పెద్దది చిన్నది చేయడం వరకే చేస్తుంది. ‘స్క్యూ’ పెడితే ముక్కను పక్కకు వాలుస్తుంది, ‘పర్‌స్పెక్టివ్’ పెడితే ఒక అంచును ఇరుకు కూడా చేస్తుంది. స్కానర్ గాజు మీద కాగితం వాలదు, ఇరుకు కాదు. లేని వీలు ఇస్తే సాఫ్ట్‌వేర్ ప్రతి అతుకు దగ్గరా కొంచెం తప్పును అందులో దాస్తుంది. ఆ తప్పు ముక్క ముక్కకూ పోగై చివరి వరుసలో వంపుగా తేలుతుంది. పొలం గట్ల గీతలే ఉండి మిగతా అంతా తెల్లకాగితమైన చోట ఇది మరీ ఎక్కువ, పట్టుకోవడానికి గుర్తులు ఉండవు కదా.

అన్ని ముక్కలూ 300 డీపీఐలోనే (అంగుళానికి 300 చుక్కలు), ఆటో క్రాప్, వంకర సరిచేయడం రెండూ ఆపేసి స్కాన్ చేయండి. పక్క ముక్కతో 5 సెంటీమీటర్లు కలిసేలా జరపండి. మడత ఉన్నచోట కాగితం గాజు నుంచి లేవకుండా పైన బరువు పెట్టండి, లేచిన చోట కొలతా మారుతుంది, మసకా వస్తుంది. స్కేలు పట్టీని నక్షా పక్కన పెట్టి నాలుగు మూలలా స్కాన్‌లో పడనివ్వండి. కలిపాక 10 సెంటీమీటర్లు ప్రతి మూలా 1181 పిక్సెళ్ల దగ్గర రావాలి. ఒక మూల 1150 వచ్చిందంటే ఆ వైపు ముక్కలు మళ్లీ స్కాన్ చేయాల్సిందే.

అదే నక్షాను నేల మీద పరిచి పైనుంచి ఫోనుతో తీస్తే మాట వేరు. చెయ్యి ఎంతో కొంత వాలుతుంది కాబట్టి అప్పుడు పర్‌స్పెక్టివ్ కావాలి.

ప్రశ్న: విజయనగరం కోట గోడను రోడ్డు పక్క నడుస్తూ తీశాను. గోడ అతుక్కుంది కానీ కరెంటు స్తంభాలు రెండేసి వచ్చాయి. (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: గోడ చదును, పర్‌స్పెక్టివ్‌తో ప్లేనార్ సరైనదే. స్తంభం గోడకు ముందుంది, మీరు జరిగినప్పుడు అది గోడ మీద వేరే చోటికి జరిగింది. రెంటినీ ఒకేసారి కలిపే సెట్టింగ్ లేదు. బురుజు ముందుకు పొడుచుకొచ్చిన చోటా ఇంతే, బురుజును విడిగా తీయడం మేలు.

గోడకు 6 మీటర్ల దూరంలో ఫోను నిలువుగా పెడితే ఒక్కో ఫోటోలో దాదాపు 6 మీటర్ల గోడ పడుతుంది. 2 మీటర్లకొకటి తీయండి, ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేసి. స్తంభం వెనక గోడ ఏ ఫోటోలో కనిపిస్తుందో చూసుకుని, ఫోటోలు కలిపే మరో ప్రోగ్రామ్ హగిన్‌లో మాస్క్ ట్యాబ్ తెరిచి, స్తంభం పడిన ఫోటోలన్నిటిలో దాని చుట్టూ గీసి ఆ భాగాన్ని తీసేయండి. స్తంభం మాయమై దాని స్థానంలో గోడ వస్తుంది. తీగల నీడ మాత్రం ఉంటుంది, అది గోడ మీదే పడింది కాబట్టి అతుక్కునే వస్తుంది.