కాంట్రాక్టరు పనివాళ్లకు బీమా ఉందని నిర్ధారించుకోవడం ఎలా? పాలసీ జిరాక్సు చాలదు

మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు నడుపుతున్న మీరు, షెడ్డు మీది పాత సిమెంటు రేకులు దించి కొత్తవి వేయించే పనిని ఒక మేస్త్రీకి గుత్తకు ఇవ్వబోతున్నారు. పదిమంది దాకా మనుషులను తెస్తానని, వాళ్లందరికీ డబ్ల్యూసీ పాలసీ (పనిలో ప్రమాదం జరిగితే పనివాళ్లకు ఇవ్వాల్సిన నష్టపరిహారానికి తీసే బీమా) ఉందని ఆయన ఒక జిరాక్సు ఇచ్చారు. ఏం జరిగినా పూచీ తనదేనని స్టాంపు కాగితం మీద రాసిస్తానని కూడా అన్నారు. ఈ రెండూ ఉంటే పని మొదలుపెట్టించి అడ్వాన్సు ఇచ్చేయవచ్చా, ఇంకా ఏమైనా అడిగితే ఏళ్ల తరబడి తెలిసిన మేస్త్రీ నొచ్చుకుంటారేమో అన్నది మీ ప్రశ్న. ఆ రెండూ చాలవు. నేను భీమవరం ప్రాంతంలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో చాలా ఏళ్లుగా కాంట్రాక్టర్ల కాగితాలు, బిల్లులు చూసే పనిలో ఉన్నాను. కొత్త మనుషులను గేటు లోపలికి పంపే ముందు ఒకసారి, బిల్లు పాస్ చేసే ముందు మరోసారి ఈ బీమా సంగతి తేల్చుకోవడం నా బాధ్యతల్లో ఒకటి. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

ముందుగా స్టాంపు కాగితం సంగతి. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం, ఒక వ్యాపారి తన వ్యాపారానికి సంబంధించిన పనిని కాంట్రాక్టరు చేత చేయించినప్పుడు, తన ఆవరణలో లేదా తన అధీనంలో ఉన్న చోట కాంట్రాక్టరు మనిషికి ప్రమాదం జరిగితే, ఆ మనిషి తన సొంత ఉద్యోగి అయితే ఎంత పరిహారం ఇవ్వాలో అంతా ఇవ్వాలి. ఆ తర్వాత దాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చి ఈ చట్టమూ, 1948 నాటి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టమూ అందులో కలిసిపోయినా, ప్రధాన యజమాని (అంటే కాంట్రాక్టరుకు పని అప్పగించినవారి) బాధ్యత అనే సూత్రం అలాగే కొనసాగుతోంది. మీకూ మేస్త్రీకీ మధ్య రాసుకున్న కాగితం మీ ఇద్దరి మధ్యే చెల్లుతుంది. ప్రమాదంలో పడిన మనిషి మీ మీద క్లెయిము వేయకుండా అది ఆపలేదు. పోనీ ఆ మనిషి చేతే ‘నాకు ఏం జరిగినా మిల్లుకు సంబంధం లేదు’ అని వేలిముద్ర వేయించుకున్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే పరిహారం హక్కును వదులుకునే ఒప్పందం చెల్లదని 17వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. మేస్త్రీ రాసిచ్చే పూచీ పనికిరానిదని నేను అనడం లేదు. రేపు ఆయన దగ్గర డబ్బు ఉంటే రాబట్టుకోవడానికి అది ఆధారం అవుతుంది. రేకుల పని చేసే మేస్త్రీ దగ్గర పదిహేను లక్షలు ఉంటాయా అన్నది మీరే ఆలోచించండి.

రేకులు మార్చడం బియ్యం ఆడించే వ్యాపారంలో భాగం కాదు గనుక 12వ సెక్షన్ తమకు వర్తించదని కొందరు మిల్లు యజమానులు అంటారు. అది వాదించదగిన పాయింటే. అయితే ఈఎస్ఐ విషయంలో, ఫ్యాక్టరీ విస్తరణ కోసం భవనం కట్టిన కూలీలు కూడా ఆ చట్టం కిందికి వస్తారని సుప్రీంకోర్టు 1986లోనే తేల్చింది. ఏళ్ల తరబడి కార్మిక శాఖ చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగి గెలవాల్సిన వాదనను నమ్ముకోవడం కన్నా, పని మొదలయ్యే ముందే బీమా సరిచూసుకోవడం చౌక.

పదిహేను లక్షలు అన్న అంకె ఊరికే చెప్పలేదు. మరణం సంభవిస్తే నెల వేతనంలో సగాన్ని, వయసును బట్టి చట్టం పట్టికలో ఉన్న గుణకంతో హెచ్చవేస్తారు. లెక్కకు తీసుకునే నెల వేతనం గరిష్ఠ పరిమితిని కేంద్రం 2020 జనవరిలో 8,000 నుంచి 15,000 రూపాయలకు పెంచింది. ముప్పై ఏళ్ల మనిషికి గుణకం 207.98. అంటే 7,500ను 207.98తో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. నెల రోజుల్లో చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేని ఆలస్యమైతే పరిహారంలో సగం దాకా పెనాల్టీ కూడా పడవచ్చు. ఆ పెనాల్టీని మామూలుగా బీమా కంపెనీ భరించదు.

ఇక రక్షణ ఏ రూపంలో ఉందో చూడాలి. మేస్త్రీకి ఈఎస్ఐ కోడ్ (నమోదు నంబరు) ఉండి, ఆయన మనుషుల నెల వేతనం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ రక్షణ సరిపోతుంది. ఈఎస్ఐ వర్తించే మనిషి మళ్లీ నష్టపరిహార చట్టం కింద అడగడానికి వీల్లేదు. ఈఎస్ఐ లేనివాళ్లకు, వేతనం ఆ పరిమితి దాటిన వెల్డరు వంటివాళ్లకు పాలసీ కావాలి. చాలామంది ఈఎస్ఐ చలానా చూసి తృప్తిపడతారు, కానీ చలానాలో మొత్తం సొమ్ము కనిపిస్తుందే గానీ ఎవరి పేరున కట్టారో కనిపించదు. మేస్త్రీ మరో ఊళ్లో చేయిస్తున్న పని తాలూకు మనుషులకు కట్టి, ఆ చలానానే మీకు చూపించవచ్చు. అందుకని చలానాతో పాటు ఆ నెల చందా వివరాల జాబితా అడిగి, ప్రతి మనిషి పదంకెల బీమా నంబరునూ పేరునూ మీ గేటు పుస్తకంతో సరిపోల్చుకోవాలి. వీలైతే మేస్త్రీ చేతే మీ ఆఫీసు కంప్యూటరులో ఈఎస్ఐ పోర్టల్ తెరిపించి, ఆ జాబితాను అక్కడే ప్రింటు తీయించండి. ఆయన కట్టకపోతే, యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం కలిపి ముందు మీరే కట్టి, తర్వాత ఆయన బిల్లులోంచి పట్టుకోవాల్సి వస్తుంది.

మీకు ఇచ్చింది పాలసీ జిరాక్సు కాబట్టి దాన్ని చదివే పద్ధతి కొంచెం వివరంగా చెబుతాను. మొదటి పేజీ మీద కంపెనీ ముద్ర, పాలసీ నంబరు, తేదీలు ఉంటాయి. అసలు సంగతంతా షెడ్యూలు అనే పేజీలో ఉంటుంది. మా ప్లాంటులో కోల్డ్ స్టోరేజీ ప్యానెళ్లు మార్చడానికి వచ్చిన ఒక కాంట్రాక్టరు మొదటి పేజీ, చివరి పేజీ మాత్రమే ఇచ్చారు. షెడ్యూలు కావాలని పట్టుబట్టి తెప్పించుకుంటే, పని జరిగే చోటు అన్న గడిలో వేరే జిల్లాలోని ఒక చిరునామా, పని స్వభావం అన్న గడిలో విద్యుత్ వైరింగు, మనుషుల సంఖ్య నాలుగు, ఒక్కొక్కరి నెల వేతనం ఆరు వేలు అని ఉంది. గేటు దగ్గర నిలబడ్డవాళ్లు పదముగ్గురు, ఎక్కాల్సింది రెండంతస్తుల ఎత్తు. పాలసీ నకిలీది కాదు, గడువూ తీరలేదు, కానీ మా పనికి అది ఒక్క పైసా రక్షణ కూడా కాదు. ఆ మనుషులను వెనక్కి పంపి, పాలసీలో మార్పులు చేయించి, వాటిని ధ్రువీకరిస్తూ బీమా కంపెనీ ఇచ్చే ఎండార్స్‌మెంటు తెచ్చాకే లోపలికి రానిచ్చాము.

మీరు కూడా షెడ్యూలులో అవే గడులు చూడండి. చిరునామా మీ మిల్లుదై ఉండాలి, లేదా రాష్ట్రంలో ఎక్కడ పని చేసినా వర్తిస్తుందని రాసి ఉండాలి. మీ పని రేకుల కప్పు మీద గనుక, ఎత్తు మీద పని అన్న సంగతి పాలసీలో స్పష్టంగా ఉండాలి. పాత సిమెంటు రేకు మీద కాలు మోపితే పగిలి మనిషి కిందికి జారిపోవడం ఈ పనిలో తరచూ జరిగే ప్రమాదమే. వేతనం తక్కువ చూపించి ప్రీమియం మిగుల్చుకోవడం కాంట్రాక్టర్లకు అలవాటు. తాము ప్రీమియం తీసుకున్న వేతనం మేరకే తమ బాధ్యత అని వాదించే అవకాశాన్ని ఇది బీమా కంపెనీకి ఇస్తుంది, మిగతా భారం మీ మీద పడుతుంది. మేస్త్రీ ఈ పనిని మళ్లీ ఇంకొకరికి పంచి ఇస్తే, ఉప కాంట్రాక్టరు మనుషులకు వర్తించే అనుబంధం ఉందో లేదో అడగండి. మనుషులు రోజూ ట్రాలీ ఆటోలో పనికి వస్తుంటే అది కూడా ఏజెంటుతో మాట్లాడండి, ఎందుకంటే పనికి వచ్చిపోయే దారిలో, పనితో సంబంధం ఉన్న పరిస్థితుల్లో జరిగే ప్రమాదాలను కూడా కొత్త కోడ్ పని ప్రమాదాలుగానే పరిగణిస్తోంది.

వైద్య ఖర్చుల సంగతి విడిగా చెప్పాలి. గాయానికి అయిన వైద్యం ఖర్చు యజమాని తిరిగి ఇవ్వాలని 2009 సవరణ తర్వాత చట్టంలో ఉన్నా, చాలా పాలసీల్లో అది అదనపు ప్రీమియం కట్టి చేర్చుకుంటేనే ఉంటుంది, అది కూడా ఒక పరిమితి వరకే. మా దగ్గర పని చేసిన మరో కాంట్రాక్టరు మనిషికి తొడ ఎముక విరిగినప్పుడు, వైకల్యానికి పరిహారం బీమా కంపెనీ నుంచి వచ్చింది గానీ ఆపరేషన్ బిల్లు రాలేదు. ఆసుపత్రివాళ్లు డిశ్చార్జి చేయడానికి డబ్బు అడిగేసరికి కాంట్రాక్టరు ఫోను ఎత్తలేదు. మా యాజమాన్యమే కట్టి, ఆయనకు రావాల్సిన బిల్లులోంచి ఆ సొమ్ము మినహాయించుకుంది. మినహాయించుకోవడానికి బిల్లు మిగిలి ఉండడమే అక్కడ కలిసొచ్చిన విషయం.

షెడ్యూలు సరిగా ఉందనిపించాక, ఆ కాగితం నిజమైనదేనా, ఇప్పటికీ అమల్లో ఉందా అన్నది మేస్త్రీని కాకుండా పాలసీ ఇచ్చినవాళ్లనే అడగాలి. పాలసీ మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి, కానీ అది కంపెనీ సొంత వెబ్‌సైటుకే వెళుతోందో లేదో చూసుకోండి. ఆ తర్వాత పాలసీ జారీ చేసిన బ్రాంచికి మెయిలు పంపండి. బ్రాంచి ఫోను నంబరును మేస్త్రీ ఇచ్చిన కాగితం నుంచి కాకుండా కంపెనీ వెబ్‌సైటు నుంచి తీసుకోండి. బయటివాళ్లకు వివరాలు చెప్పడానికి బ్రాంచివాళ్లు వెనుకాడతారు కాబట్టి, తన పాలసీ వివరాలు మీకు ఇవ్వవచ్చని మేస్త్రీ చేత ఒక లేఖ రాయించి జతచేస్తే పని సులువవుతుంది. మెయిలులో ప్రీమియం జమ అయిందా అని తప్పకుండా అడగండి. ప్రీమియం చేతికి అందకుండా బీమా కంపెనీ రిస్కు తీసుకోకూడదని 1938 బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతోంది. చెక్కు బౌన్సు అయి రద్దయిన పాలసీ జిరాక్సు కూడా చూడడానికి అచ్చం అసలుదానిలాగే ఉంటుంది.

మేస్త్రీలు పాలసీకి బదులుగా చూపించే మరికొన్ని కాగితాలున్నాయి. ఈ-శ్రమ్ కార్డు అసంఘటిత కార్మికుడిగా నమోదు మాత్రమే. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు మంచిదే గానీ దాని కింద వచ్చే సాయం మీ బాధ్యతను తగ్గించదు. ఏడాదికి 20 రూపాయలతో వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా ఆ మనిషి సొంత బీమా. అది ఇచ్చే రెండు లక్షలకూ చట్టం ప్రకారం రావాల్సిన పరిహారానికీ సంబంధం లేదు. గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ కూడా అంతే. కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ అనగానే అన్నీ వస్తాయనుకుంటారు, కానీ అది కడుతున్న కట్టడానికీ బయటివాళ్లకు జరిగే నష్టానికీ వర్తిస్తుంది తప్ప కాంట్రాక్టరు సొంత పనివాళ్లకు కాదు.

డబ్బు విషయానికి వస్తే, ధ్రువీకరణ మెయిలు రాకముందు అడ్వాన్సు ఇవ్వకండి. సామాను కొనాలంటే రేకుల షాపుకు మీరే నేరుగా కట్టండి, కూలి అడ్వాన్సు మాత్రం ఆపండి. వర్క్ ఆర్డరులో, ప్రతి బిల్లుతో పాటు ఆ కాలానికి హాజరు పట్టీ, అమల్లో ఉన్న పాలసీ లేదా ఈఎస్ఐ జాబితా ఇవ్వాలని, లేకపోతే బిల్లు నిలుపుతామని, మీరు చెల్లించాల్సి వచ్చిన పరిహారాన్ని బిల్లులోంచి మినహాయించుకుంటామని రాయించండి. పాలసీ గడువు పని మధ్యలో తీరిపోయేలా ఉంటే ఆ తేదీ గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా తెలియాలి. మొదటి రోజు వచ్చిన పదిమంది చివరి వారం దాకా ఉండరు. కొత్తగా వచ్చిన మనిషి పేరు పాలసీలో అక్కర్లేకపోవచ్చు, సంఖ్య మాత్రం మించకూడదు. పేర్లతో తీసిన పాలసీ అయితే ప్రతి మార్పుకూ ఎండార్స్‌మెంటు కావాలి. చివరి బిల్లులో కొంత సొమ్ము రిటెన్షన్‌గా కొన్నాళ్లు ఆపుకోవడం మామూలే కాబట్టి ఎవరూ తప్పు పట్టరు.

మేస్త్రీ నొచ్చుకుంటారన్న భయానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: ఖర్చు ఆయన నెత్తిన వేయకండి. ఇలాంటి చిన్న పనికి, ఆ కొద్ది కాలానికి తీసే పాలసీ ప్రీమియం మీ రేకుల ఖర్చు ముందు లెక్కలోకి రాదు. దాన్ని వర్క్ ఆర్డరులో విడి పద్దుగా చూపించి, రసీదు తెచ్చిన రోజే చెల్లిస్తామని చెప్పండి. పాలసీ మేస్త్రీ పేరునే ఉండాలి, ప్రధాన యజమానిగా మీ మిల్లు పేరు ఎండార్స్‌మెంటులో చేర్చాలి. ఏజెంటును మీరే మిల్లుకు పిలిపించి, మేస్త్రీని కూడా కూర్చోబెట్టి, మనుషుల సంఖ్య, అసలు కూలి, ఎత్తు మీద పని అన్న మూడింటినీ మేస్త్రీ నోటితోనే ప్రపోజల్ ఫారంలో రాయించండి. మా కాంట్రాక్టర్లలో ఇలా తీసుకున్నవాళ్లు ఆ పాలసీని తర్వాత వేరే ఫ్యాక్టరీల పనికి కూడా పొడిగించుకున్నారు.