తిరుపతిలో ఆర్కిటెక్ట్‌కి పనుంది, ఫీజే రాబట్టుకోవాలి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. బి.ఆర్క్ చదువుతానంటోంది. తిరుపతి, చిత్తూరు వైపు ఆర్కిటెక్ట్‌లకు ఉద్యోగాలుంటాయా? లేక చెన్నైకో బెంగళూరుకో పోవాల్సిందేనా?

ఉద్యోగం సంగతి తర్వాత, ముందు పని సంగతి చెప్తాను. పనికి కొదవ లేదు. కరకంబాడి రోడ్డు, తిరుచానూరు, అవిలాల, తుమ్మలగుంట, ఎటు పోయినా సెంట్రింగ్ కర్రలే. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ వచ్చాక రేణిగుంట అవతల కూడా వెంచర్లు లేచాయి. ఇన్ని కడుతున్నవాళ్లలో ఆర్కిటెక్ట్‌ని పిలిచేది ఎంతమంది? మేస్త్రి ముగ్గు పోసేస్తాడు, అప్రూవల్‌కి లైసెన్సున్న ఇంజినీరు ఆన్‌లైన్‌లో పెట్టేస్తాడు, ఇల్లు లేచిపోతుంది. ఇందులో తప్పుపట్టడానికి కూడా లేదు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కాపాడేది పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని రాసుకునే హక్కునే, డిజైన్ చేసే పనిని కాదు. 2020లో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. ఐదేళ్లు చదివి, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ చేసుకుని మనం బోర్డు పెట్టుకుంటాం. పక్కవాడు బోర్డు లేకుండా అదే పని చేసుకుంటాడు. కాలేజీలో ఈ ముక్క మాకెవరూ గట్టిగా చెప్పలేదు.

నేను చెన్నైలో కొన్నేళ్లు ఒక ఆఫీసులో చేసి, ఇక్కడికొచ్చి సొంతంగా పెట్టుకున్నాను. మొదట్లో వచ్చిన పని ఒకటి చెప్తాను, మీకే అర్థమవుతుంది. ఆర్టీసీ బస్టాండ్‌కి దగ్గర్లో ఒక పెద్దాయనకి 50 అంకణాల స్థలం. మన తిరుపతి అంకణం, 36 చదరపు అడుగులది. నెల్లూరోళ్ల అంకణం 72, వాళ్లతో స్థలం బేరమాడేటప్పుడు జాగ్రత్త. కింద పార్కింగ్, పైన మూడంతస్తులు, అన్నీ కొండకొచ్చే యాత్రికులకు రోజు అద్దె గదులు. ఆయన అడిగింది ఒక్కటే: "ఎన్ని గదులు పడతాయమ్మా?"

గదులు ఇచ్చాను. మధ్యలో వచ్చే బాత్రూముల గాలి కోసం డక్ట్ ఒకటి, అంటే కింద నుంచి ఆకాశం దాకా ఖాళీ సందు, వదిలాను. దాని మీద వేలు పెట్టి, "ఇంత జాగా ఊరికే వదిలేస్తే ఎట్లమ్మా, ఒక మంచం పడతాది" అన్నాడు. 12 మీటర్ల ఎత్తు బిల్డింగ్‌కి నేషనల్ బిల్డింగ్ కోడ్ అడిగేది 2.8 చదరపు మీటర్లు. మన లెక్కలో అంకణం కూడా నిండదు. అదే చెప్పాను. సరే సరే అన్నాడు. మొదటి స్లాబ్ అయ్యాక ఫీజు బాకీ అడిగేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు, నేను సైటుకి పోవడం మానేశాను. ఆ తర్వాత మేస్త్రి, ఆయన కలిసి ప్రతి అంతస్తులో డక్ట్‌కి అడ్డంగా స్లాబ్ వేసి, ఆ జాగాని గదిలో కలిపేశారు. మంచం పడింది, నిజమే.

గదులు తెరిచాక మొదటి వానాకాలానికే గోడలకి బూజు. బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వరండాలోకి తిప్పారు, అంతస్తంతా కంపు. దిగినవాళ్లు గంటలో ఖాళీ చేసి డబ్బు వెనక్కి అడగడం, ఫొటోలు తీసి గూగుల్‌లో ఒక్క స్టార్ పెట్టడం. అప్పుడు ఫోన్: "అమ్మా, నువ్వొచ్చి ఒకసారి చూడాల." పాత బాకీ, కొత్త ఫీజు రెండూ ఫోన్‌పేలో పడ్డాకే బయల్దేరాను. బీముల జోలికి పోకుండా ఆ పలకలన్నీ కోయించి, పైపులు మార్పించి, డక్ట్‌ని మళ్లీ ఆకాశం దాకా తెరిపించాను. ఆ కోతకీ రిపేరుకీ ఆయనకైన ఖర్చు, నాకు ఎగ్గొట్టాలనుకున్న దానికి ఎన్నో రెట్లు. అప్పట్నుంచి అడ్వాన్సు పడనిదే నేను గీత గీయను. బంధువులకైతే ఇంకా కచ్చితంగా.

ఇదే పెద్దాయన వాస్తు సిద్ధాంతికి మాత్రం తాంబూలంలో పెట్టి బేరం లేకుండా ఇచ్చాడు. ఈశాన్యంలో సంపు, ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పెద్ద పడకగది. ఇవన్నీ నాకూ తెలుసు, నేను చెప్తే ఫ్రీ. ఇంకొకటి, మీ అమ్మాయి కాబట్టి చెప్తున్నాను. సైటులో నిలబడి నేను కొలతలు చెప్తుంటే "సార్ రాలేదా మేడమ్?" అని ఇప్పటికీ అడుగుతారు. ఏ సారూ లేడని మూడో స్లాబ్ నాటికి నమ్ముతారు.

ఇక ఎలివేషన్ల పిచ్చి. దుబాయ్ ఫొటో చూపించి పడమటి ముఖానికి నిలువెల్లా అద్దం కావాలంటారు, తిరుపతి ఎండలో! చంద్రగిరి రాజమహల్ చూడండి. చెక్క వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. మే నెలలో ఆ మందపాటి గోడల మధ్య నిలబడితే ఏసీ గుర్తురాదు. పక్కనే ఉన్నా మనవాళ్లకి అది సెల్ఫీకే.

సరే, మీ ప్రశ్న. మొదటి కొన్నేళ్లు చెన్నైయో బెంగళూరో పోవాల్సిందే. ఇక్కడి ఆఫీసులు చిన్నవి, వర్కింగ్ డ్రాయింగ్‌లు, ఎస్టిమేట్లు నేర్పే తీరిక వాళ్లకుండదు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన తోటివాళ్ల కంటే తక్కువే, అందులో సందేహం వద్దు. బిల్డింగ్‌ని కంప్యూటర్‌లో 3డీ మోడల్‌గా కట్టే బిమ్ పద్ధతి, దానికి వాడే రెవిట్ సాఫ్ట్‌వేర్ బాగా వస్తే విదేశీ ప్రాజెక్టులు చేసే ఆఫీసులు కాస్త మెరుగ్గా ఇస్తాయి. టౌన్ ప్లానింగ్ ఉద్యోగాల నోటిఫికేషన్ల కోసం కూర్చుంటే వయసైపోతుంది. నన్నడిగితే తిరుపతిలో అందరికంటే ధీమాగా ఉన్నది టీటీడీ శిల్ప కళాశాలలో ఆలయ నిర్మాణం నేర్చుకున్న పిల్లలు. గుడి కట్టించేవాడు స్థపతి దగ్గర, అంటే ఆలయ శిల్పి దగ్గర, బేరమాడడు. అది బి.ఆర్క్ కాదు, వేరే దారి. అమ్మాయికి చెయ్యి బాగుంటే అదీ చూడండి.

బి.ఆర్కే అంటే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా రాయించండి, విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) కావాలంటే జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపర్. కాలేజీకి కౌన్సిల్ ఆమోదం ఈ ఏడాదికి ఉందో లేదో ఫీజు కట్టకముందే కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి, వాళ్లిచ్చే రంగుల పుస్తకంలో కాదు. ఆమోదం లేని చోట చదివితే ఐదేళ్లయ్యాక రిజిస్ట్రేషన్ రాదు, ఆ బోర్డు కూడా పెట్టుకోలేదు.